అబ్బాయికి ఐదు బ్యాక్‌లాగ్‌లు: కాలేజీ పక్కన గది తీసుకుని దగ్గరుండి చదివించాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబు హైదరాబాద్‌లో బీటెక్ సెకండియర్, హాస్టల్లో ఉంటున్నాడు. ఐదు సబ్జెక్టులు పోయిన సంగతి బాబు చెప్పలేదు, చుట్టాలబ్బాయి ద్వారా మీకు తెలిసింది. అడిగితే మ్యాథ్స్ సార్ మధ్యలో మారిపోయారని, రూమ్మేట్లు నిద్రపోనివ్వరని, పేపర్ కష్టంగా ఇచ్చారని అంటున్నాడు. వాళ్ల నాన్నగారు చదువు మాన్పించి ఎరువుల షాపులో కూర్చోబెడతానంటున్నారు. మీరేమో కాలేజీ దగ్గర గది అద్దెకు తీసుకుని, వండిపెడుతూ చదివించాలా అని అడిగారు. "వీడికి బాధ్యత ఎప్పుడొస్తుంది?" అన్నారు చివర్లో.

గది తీసుకోకండి. చదువూ మాన్పించకండి. ఈ సెమిస్టర్‌కి బాబు వ్యవహారాల్లో రెండు మూడింటిని పూర్తిగా, లాభనష్టాలతో సహా, అతని చేతికే ఇచ్చేయండి. ఇచ్చాక వెనక నుంచి సర్దిపెట్టకండి. దానికంటే ముందు ఒక గంట కూర్చుని, ఇప్పుడు తన పరిస్థితి ఏమిటో మొత్తం అతని చేతే కాగితం మీద రాయించండి. ఇదే నా జవాబు. ఎందుకంటున్నానో చెబుతాను.

నేను 22 ఏళ్లుగా ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ బ్రాంచి పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అందులో తొమ్మిదేళ్లు బాయ్స్ హాస్టల్ వార్డెన్‌గా కూడా చేశాను. మీ అబ్బాయిలాంటి పిల్లల్ని ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను. వాళ్లలో చెడ్డవాళ్లు చాలా తక్కువ, బద్ధకస్తులు కూడా మీరు అనుకున్నంత మంది ఉండరు. ఎక్కువమందికి అసలు ఏదీ తమంతట తాము నడుపుకోవడం అలవాటే లేదు.

మీ బాబు ఇంటర్ ఎక్కడ చదివాడో మీరు రాయలేదు. రెసిడెన్షియల్ కాలేజీలో అయితే ఆ రోజులు ఒకసారి గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున బెల్లు, స్టడీ అవర్, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి పది దాటాక నిద్ర. ఏ చాప్టర్ ఎప్పుడు చదవాలో వాళ్లే చెప్పారు. వారం వారం పరీక్ష పెట్టి మార్కులు మీ ఫోన్‌కి పంపారు. ఫోన్ చేతికివ్వలేదు, గేటు దాటనివ్వలేదు. పిల్లాడు కష్టపడ్డాడు, నిజమే. కానీ ఆ రెండేళ్లలో "ఇప్పుడు లేవాలా, ఇంకాసేపు పడుకోవాలా" అన్న చిన్న నిర్ణయం కూడా అతను తీసుకోలేదు. అక్కడి నుంచి రెండు మూడు నెలల్లో బీటెక్ హాస్టల్‌కి వచ్చాడు. ఇక్కడ బెల్లు లేదు. క్లాసుకి రాకపోతే ఆ రోజు ఎవరూ అడగరు. ఫలితం కనిపించేది నాలుగైదు నెలల తర్వాత. ఈత రానివాణ్ణి ఒక్కసారిగా నడి చెరువులోకి దించినట్టే ఉంటుంది ఆ మొదటి ఏడాది.

అందుకే మీరు గది తీసుకోవడం మళ్లీ ఇంటర్ కాలేజీని తెచ్చిపెట్టినట్టవుతుందని నా భయం. పన్నెండేళ్ల కిందట మా బ్రాంచిలో ఒక అబ్బాయికి సరిగ్గా ఇలాగే జరిగింది. వాళ్లమ్మగారు గోదావరి వైపు నుంచి వచ్చి, భర్తనీ చిన్న కూతుర్నీ ఊళ్లో వదిలి, కాలేజీ వెనక వీధిలో గది తీసుకున్నారు. ఆరింటికి లేపేవారు, రాత్రి పదింటికి ఫోన్ తీసేసుకునేవారు. బాక్సు కట్టి పంపేవారు. అబ్బాయి సప్లీలన్నీ గట్టెక్కాడు, థర్డియర్ ఒక్క సబ్జెక్టూ పోలేదు. మేమంతా ఆమెను మెచ్చుకున్నాం. ఫోర్తియర్ చివరి సెమిస్టర్‌లో చిన్న కూతురి ఇంటర్ పరీక్షల కోసం ఆమె ఊరికి వెళ్లాల్సి వచ్చింది. ఆ ఒక్క సెమిస్టర్‌లోనే అబ్బాయి ప్రాజెక్టు రివ్యూకి రెండుసార్లు రాలేదు, రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నాడు. పిలిచి ఏమైందిరా అంటే "అమ్మ లేదు సార్" అన్నాడు. అతనికి అప్పటికి 21 ఏళ్లు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తల్లిని తప్పుపట్టను, ఆమె పడ్డ కష్టం నా కళ్లారా చూశాను. ఆ రెండేళ్లలో ఒక్కో పనీ అతనికి అప్పగిస్తూ వచ్చి ఉంటే సరిపోయేది. ఆ సలహా ఆమెకు మేమెవరమూ ఇవ్వలేదు. అందుకే మీకు ఇప్పుడు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకో మాట, ఇది మిగతా అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది. అది బాధ్యత లేకపోవడమేనా, లేక పిల్లాడు లోపల నలిగిపోతున్నాడా? మా హాస్టల్లో ఒక అబ్బాయి మూడు వారాలు గది దాటి రాలేదు. బద్ధకం అనుకుని కేకలేశాను. మెస్‌లో అడిగితే ఒంటిపూటే తింటున్నాడని తెలిసింది. రాత్రుళ్లు నిద్ర లేదు, స్నేహితులతో మాట్లాడడం మానేశాడు, ఇష్టమైన క్రికెట్ కూడా వదిలేశాడు. అతనికి కావలసింది డాక్టరు. ఆ కేకలు నేను వేసి ఉండకూడదు. మీ బాబు ఇంటికి వచ్చినప్పుడు తిండి, నిద్ర, మాట ఈ మూడూ గమనించండి. "నా వల్ల కాదు, నేనుండి ఏం లాభం" లాంటి మాట ఒక్కటి వచ్చినా బ్యాక్‌లాగ్‌ల సంగతి పక్కన పెట్టి వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మీరు కూడా చేయవచ్చు. అలాంటిదేమీ లేదని నమ్మకం కుదిరాకే కింద రాసినవి మొదలుపెట్టండి.

మొదటిది ఆ కాగితం. బాబుని కూర్చోబెట్టి, అరవకుండా, ఇవి రాయమనండి: ఏ సబ్జెక్టులు పోయాయి, ఒక్కోదానిలో ఇంటర్నల్ (కాలేజీలో వేసే మార్కులు) ఎంత, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష మార్కులు) ఎంత, ఇప్పటికి హాజరు ఎంత శాతం, సప్లిమెంటరీ ఫీజుకి ఆఖరు తేదీ ఏది, ఎవరికైనా డబ్బులు ఇవ్వాలా. మీరు కాలేజీకి ఫోన్ చేసి తెలుసుకోవడం తేలికే, అయినా అతన్నే తెచ్చి రాయమనండి. చాలామంది పిల్లలకు తమ హాజరు ఎంతో నిజంగా తెలియదు. "డెబ్భై దాకా ఉంటుందిలే సార్" అంటారు, తీసి చూస్తే యాభై ఎనిమిది ఉంటుంది. అబద్ధం చెప్పాలని కాదు, చూడాలంటే భయం.

హాజరు లెక్క ఎందుకు ముఖ్యమో చెప్పాలి. జె.ఎన్.టి.యు. యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల్లో సాధారణంగా సెమిస్టర్‌కి 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి కండొనేషన్ ఫీజు (తగ్గిన హాజరుని మన్నించడానికి కట్టే రుసుము) కట్టాలి. 65 కంటే తగ్గితే డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఇప్పుడు చూడండి. సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకుందాం. సగం, అంటే 45 రోజులు గడిచాయి, బాబు 27 రోజులు వెళ్లాడు. అది 60 శాతం. "ఇంకా సగం ఉంది కదా, ఎక్కిస్తాను" అంటాడు. 75 శాతం కావాలంటే మొత్తం 68 రోజులు ఉండాలి. అంటే మిగిలిన 45 రోజుల్లో 41 రోజులు వెళ్లాలి, నాలుగు రోజుల కంటే ఎక్కువ మానకూడదు. జ్వరం, పెళ్లి, పండగ అన్నీ ఆ నాలుగు రోజుల్లోనే. ఈ లెక్క నేను ప్రతి ఏటా బోర్డు మీద వేస్తాను. నేను వేసినప్పుడు పిల్లలు వింటారు, అంతే. తమ నంబర్లతో తామే వేసుకున్నప్పుడు ముఖం మారుతుంది. అందుకే మీ బాబు చేత వేయించండి.

రెండోది, అప్పగించడం. నేనైతే మూడు విషయాలు చెబుతాను. నెల ఖర్చు ఒకటో తేదీన ఒకేసారి పంపండి, మెస్ బిల్లు కూడా అందులోంచి అతనే కట్టాలి. మధ్యలో "నాన్నా, ఐదొందలు కొట్టు" అని మెసేజ్ వస్తే, మందులకీ తిండికీ తప్ప పంపకండి. పరీక్ష ఫీజులు, అప్లికేషన్లు, తేదీలు అన్నీ అతనివే. యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ప్రతి ఏటా పిల్లాడు ఒకటి, తల్లిదండ్రులు ఒకటి ఇవ్వాలి. మా కాలేజీలో నేను చూసినంతలో చాలా ఇళ్లలో రెండూ తండ్రే నింపి, పిల్లాడి పేరు కూడా తనే రాసి పంపుతాడు. పద్దెనిమిది నిండినవాడు తన సంతకం ఉన్న కాగితంలో ఏముందో చదవలేదంటే ఆ అలవాటు మనమే చేశాం. మెంటర్‌ని కలవడం కూడా అతని పనే. ప్రతి సెక్షన్‌లో ఇరవై మందికో ఇరవై అయిదు మందికో ఒక మెంటర్ ఉంటారు. పదిహేను రోజులకోసారి తనే వెళ్లి కలవాలి. నాలాంటి మెంటర్‌కి మీరు ఫోన్ చేస్తే మీకు జవాబు దొరుకుతుంది, పిల్లాడికి మాత్రం ఆ పూట గడిచిపోతుంది. అతనే వచ్చి "సార్, నాకు ఐదు పోయాయి, ఏం చేయాలి" అని నోరు తెరిచి అడిగినరోజు సగం భయం పోతుంది.

అప్పగించాక అతను ఏదో ఒకటి తప్పకుండా పాడుచేస్తాడు. ఫీజు తేదీ దాటిపోతుంది, లేటు ఫీజు పడుతుంది. ఇరవయ్యో తేదీకే డబ్బులు అయిపోతాయి. అప్పుడే మీకు అసలు పరీక్ష. ఆ లేటు ఫీజు అతని నెల డబ్బుల్లోంచే పోనివ్వండి. కానీ అన్నిటికీ ఇదే సూత్రం కాదు. తిరిగి తెచ్చుకోగల నష్టాన్ని అతన్నే భరించనివ్వండి, తెచ్చుకోలేని నష్టంలో మీరు అడ్డుపడండి. లోన్ యాప్‌లో అప్పు, బెట్టింగ్, రాత్రిపూట బండి మీద తిరగడం, ర్యాగింగ్ గొడవ, ఇలాంటివి తెలిస్తే ఆ రోజే బస్సెక్కి వెళ్లండి. పరీక్ష ఫీజు డబ్బుల్ని బెట్టింగ్‌లో పెట్టి, పోయినదాన్ని రాబట్టాలని యాప్‌లో అప్పు చేసిన పిల్లాణ్ణి చూశాను. మొదట పోయింది రెండు వేలే. ఇంట్లో చెప్పడానికి భయపడిన ఐదు నెలల్లో అది లక్ష దాటింది. అందుకే ఆ కాగితంలో అప్పుల వరస పెట్టించమన్నాను. "ఏదున్నా చెప్పు, ముందు తీర్చే దారి చూద్దాం, తిట్లు తర్వాత" అని మొదటే మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి.

ఈ విషయంలో నేనూ ఒక తప్పు చేశాను. ఒక రైతు, పెద్దాయన, కొడుకు డిటెయిన్ అవుతాడని తెలిసి నా గది ముందు పొద్దున్నుంచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి తట్టుకోలేక, అబ్బాయికి ఆటల పోటీల పేరు మీద హాజరు కలిపించాను. అబ్బాయి పరీక్ష రాశాడు. తర్వాతి సెమిస్టర్‌కి నెల రోజులు ఆలస్యంగా వచ్చాడు. అడిగితే "సార్ ఉన్నారుగా చూసుకుంటారు" అని స్నేహితులతో అన్నాడట. ఆ సెమిస్టర్ డిటెయిన్ అయ్యాడు, ఏడాది పోయింది. ఆ పోయిన ఏడాదిలో నా వంతూ ఉంది. ఆ తండ్రి కష్టం తీర్చాననుకున్నాను, ఆరు నెలలు వాయిదా వేసి పెంచాను.

బాబు చెప్పిన కారణాల గురించి. అన్నీ సాకులని కొట్టిపారేయకండి. లెక్చరర్లు మధ్యలో మారడం నిజంగానే జరుగుతుంది. ఒక సెమిస్టర్‌లో ముగ్గురు మారిన సబ్జెక్టులు నేను చూశాను, అది కాలేజీ తప్పే, పిల్లలు అడగాల్సిందే. నేను ఒక్కటే గమనిస్తాను. పిల్లాడు కారణం చెప్పాక "అందుకని నేను ఇలా చేశాను" అంటాడా లేదా అని. "సార్ మారారు, అందుకని సీనియర్ దగ్గర నోట్స్ తీసుకున్నాను, మూడో యూనిట్ దాకా అర్థమైంది, నాలుగోది కాలేదు" అంటే అది కారణం. "సార్ మారారు" అని అక్కడే ఆగిపోతే అది సాకు. మీరు కూడా వాదన పెట్టుకోకుండా "సరే నాన్నా, మారారు. అప్పుడు నువ్వేం చేశావు?" అని మాత్రం అడగండి. మొదటిసారి జవాబు రాదు. నాలుగోసారికి వస్తుంది.

తప్పు ఒప్పుకోవడం గురించి మా మెషీన్స్ ల్యాబ్‌లో జరిగింది చెప్పాలి. అమ్మీటర్‌ని సర్క్యూట్‌లో సిరీస్‌లో కలపాలి. పొరపాటున సప్లైకి పారలల్‌గా కలిపితే అందులో రెసిస్టెన్స్ చాలా తక్కువ కాబట్టి కరెంటు ఒక్కసారిగా ఎక్కువ పారి మీటరు కాలిపోతుంది. ప్రతి ఏటా ఒకటో రెండో పోతాయి. ఒకసారి ఒక బ్యాచ్ మీటరు కాల్చి, చప్పుడు చేయకుండా ర్యాక్‌లో పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు ఇంకో బ్యాచ్ దాన్ని తీసుకుని, ముల్లు కదలకపోతే తమ కనెక్షన్ తప్పేమో అని మూడు గంటలు వెతికారు. అదే ఏడాది ఇంకో అబ్బాయి మీటరు కాల్చి, వాసన పోకముందే నా దగ్గరికి వచ్చి "సార్, నేనే పారలల్‌లో పెట్టాను" అన్నాడు. వణుకుతున్నాడు. నేను తిట్టలేదు. బ్రేకేజ్ రిజిస్టర్‌లో అతని చేత్తోనే రాయించాను, ఖర్చులో తన వాటా కట్టించాను, వచ్చే వారం మొత్తం సెక్షన్‌కి ఆ తప్పు ఎలా జరుగుతుందో బోర్డు మీద వివరించమన్నాను. ఆ సెక్షన్‌లో మళ్లీ ఒక్క మీటరూ పోలేదు. పోయినా దాచేవాళ్లు కాదని నా నమ్మకం. అదే నేను ఆ రోజు గట్టిగా అరిచి ఉంటే తర్వాతి మీటరు కచ్చితంగా ర్యాక్‌లోకే వెళ్లేది. మీ బాబు ఐదు సబ్జెక్టులు ఇంట్లో దాచాడంటే, చెబితే ఏమవుతుందని భయపడ్డాడో మీరూ వాళ్ల నాన్నగారూ ఒకసారి ఆలోచించండి. నొప్పించాలని అనడం లేదు.

వాళ్ల నాన్నగారికి ఒక మాట చెప్పండి. షాపుని శిక్షగా చూపించవద్దని. ఆ షాపే మీ ఇంటిని నడిపింది. "చదవకపోతే షాపులో కూర్చోబెడతా" అంటే తండ్రి చేసే పని ఓడిపోయినవాళ్లు చేసేదని పిల్లాడికి మనమే నేర్పినట్టు. దానికి బదులు ఈ సెలవుల్లో వారం రోజులు షాపు నిజంగానే అప్పగించమనండి. పొద్దున షట్టర్ తీయడం, స్టాక్ రిజిస్టర్ రాయడం, రాత్రి గల్లా లెక్క తేల్చడం. గల్లాలో రెండొందలు తేడా వస్తే ఎక్కడ పోయిందో అతనే వెతకాలి. అరువు అడిగే రైతుకి ఏం చెప్పాలో అతనే తేల్చుకోవాలి. అవసరమైతే నాన్నగారు పక్కనుండి చూడొచ్చు, చేయి పెట్టకూడదు.

మా దగ్గర చదివిన ఒక పాలమూరు అమ్మాయి గుర్తొస్తోంది. తల్లిదండ్రులు వలస కూలీలు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఊళ్లో ఉండేవారు కాదు. ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవకి వెళ్లడం, ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అప్లై చేయడం, బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిపించుకోవడం, తమ్ముడి స్కూలు పని, అన్నీ ఆ అమ్మాయే చూసుకునేది. హాజరు 75 తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ వయసులో అంత భారం మంచిదని నేను అనను, ఆ అమ్మాయి అలసిపోవడం కూడా చూశాను. కానీ ఆమె పుట్టుకతో బాధ్యత గల పిల్ల, మీవాడు కాదు అనుకోకండి. ఆమె చేతికి పనులు వచ్చాయి, చేయక తప్పలేదు. మీ బాబు చేతికి ఇప్పటిదాకా ఏమీ రాలేదు.

చదువు రుణం తీసుకుని ఉంటే ఆ ఖాతా స్టేట్‌మెంట్ కూడా ఒకసారి చూపించండి. అందులో అప్పు తీసుకున్నది విద్యార్థే, మీరు తోడు సంతకం పెట్టినవాళ్లు. కోర్సు అయ్యాక సాధారణంగా ఏడాది దాకా వాయిదాలు కట్టనక్కర్లేదు గానీ, వడ్డీ రాయితీ పథకంలో లేకపోతే వడ్డీ ఇప్పటి నుంచే లెక్కపడుతుంది. బెదిరించడానికి చూపించొద్దు, తెలియాలి కాబట్టి చూపించండి.

ఇక ఐదు సబ్జెక్టుల సంగతి. కంగారు పడకండి. ఐదు పోయి, కోర్సు అయ్యేలోపు అన్నీ గట్టెక్కి ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నాకు చాలామంది తెలుసు. ఐదూ ఒకేసారి మీద వేసుకోవద్దనండి. రాబోయే సప్లిమెంటరీలో ఇంటర్నల్స్ ఎక్కువ ఉన్న రెండు ముందు గట్టిగా చదవాలి, మ్యాథ్స్‌కి సీనియర్ సాయం తీసుకోవాలి. మిగతావాటికీ ఫీజు కట్టి రాయాలి, ఆశ మాత్రం ఆ రెండింటి మీద పెట్టుకోవాలి. ఇప్పుడు జరుగుతున్న సెమిస్టర్‌లో కొత్తగా ఒక్కటీ పోకుండా చూసుకోవడం వాటన్నిటికంటే ముందు. పై ఏడాదికి వెళ్లాలంటే ఎన్ని క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) ఉండాలో అతని బ్యాచ్ నియమాల పుస్తకంలో, అంటే రెగ్యులేషన్‌లో, రాసి ఉంటుంది. అది అతనే చదివి మీకు చెప్పాలి.

మీరు వారానికి ఒకసారి, ఆదివారం అనుకోండి, ఫోన్ చేయండి. "తిన్నావా" అడగండి, తర్వాత ఆ కాగితంలో ఈ వారం ఏ నంబర్ మారిందో అడగండి. పది నిమిషాలు చాలు. రోజూ మూడుసార్లు ఫోన్ చేస్తే అతను చెప్పేది తగ్గిపోతుంది.

సెలవులయ్యాక తిరుగు ప్రయాణానికి బస్సు టికెట్ మీరు చేయించకండి, నెల డబ్బుల్లోంచి అతన్నే బుక్ చేసుకోమనండి. సెమిస్టర్ మధ్యలో పెట్టే మొదటి మిడ్ పరీక్ష మార్కులు వచ్చాక ఆ కాగితంలో ఏం మారిందో రాయండి, ఎక్కడ ఆగిందో చూసి చెబుతాను.